బర్డ్ ఫ్లూ వైరస్ క్షీరదాలకు ఎలా అలవాటు పడుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆవుల్లో బర్డ్ ఫ్లూ, పిల్లుల్లో బర్డ్ ఫ్లూ, తీరం పొడుగునా సీల్ పిల్లల కళేబరాలు. కొన్నేళ్లుగా ఇలాంటి వార్తలు వస్తూనే ఉన్నాయి. వచ్చిన ప్రతిసారీ జనం అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. వాటికి వీలైనంత తేలిక మాటల్లో జవాబులు ఇక్కడ ఉన్నాయి. కొన్ని జవాబులు పొడుగ్గా ఉన్నాయి, ఎందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది.

ఈ వైరస్ అసలు ఎక్కడిది?

నీటిపక్షులది. అడవి బాతులు, పెద్దబాతులు, గల్ పక్షులు, ఒడ్డున తిరిగే ఉల్లంకుల వంటివే ఇన్‌ఫ్లుయెంజా-ఎ వైరస్‌లకు సొంత ఇల్లు. వైరస్ పైపొరలో హెచ్, ఎన్ అనే రెండు ప్రొటీన్లుంటాయి. హెచ్1 నుంచి హెచ్16 వరకు, ఎన్1 నుంచి ఎన్9 వరకు అన్ని రకాలూ పక్షుల్లో దొరికాయి. గబ్బిలాల్లో మాత్రమే కనిపించే రకాలు ఒకటి రెండున్నాయి కానీ వాటి సంగతి వేరు.

బాతుల్లో ఈ వైరస్ ఎక్కువగా పేగుల్లో పెరుగుతుంది, రెట్టతో నీళ్లలోకి చేరుతుంది, ఆ నీళ్లు తాగిన మరో పక్షికి అంటుకుంటుంది. చాలాసార్లు బాతుకు జబ్బు చేసిన ఆనవాలు కూడా ఉండదు.

ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్న హెచ్5ఎన్1 వంశం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో పెంపుడు పెద్దబాతుల్లో బయటపడింది. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురిని చంపింది. ఆ వంశంలోని ఒక కొమ్మే 2.3.4.4బీ. 2020 తర్వాత అది వలస పక్షులతో యూరప్ నుంచి అమెరికా ఖండాలకు, అక్కడి నుంచి అంటార్కిటికా దాకా వెళ్లింది.

జంతువుకు సోకిందంటే వైరస్ ఆ జంతువుకు అలవాటు పడినట్టేనా?

కాదు. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, సోకడం మొదటి మెట్టు మాత్రమే. చచ్చిన కొంగను తిన్న నక్కకు జబ్బు రావచ్చు, అది చచ్చిపోనూవచ్చు. కానీ ఆ నక్క నుంచి మరో నక్కకు వైరస్ వెళ్లకపోతే కథ అక్కడితో ముగుస్తుంది. నక్క శరీరంలో వైరస్‌కు వచ్చిన మార్పులు కూడా దానితోపాటే మట్టిలో కలిసిపోతాయి.

అలవాటు పడటం అంటే ఆ జాతిలో ఒకదాని నుంచి మరోదానికి, పక్షుల సాయం లేకుండా, గొలుసుగా సాగడం. వార్తల్లో ఈ తేడా చాలాసార్లు కనబడదు. "క్షీరదాల్లో బర్డ్ ఫ్లూ" అనే ఒకే శీర్షిక కింద ఒంటరి నక్కనూ, వందల డెయిరీలకు పాకిన వైరస్‌నూ కలిపేస్తారు. రెండూ ఒకటి కావు.

పక్షి వైరస్‌కు క్షీరదం శరీరంలో ఏం అడ్డొస్తుంది?

చాలా అడ్డొస్తాయి. పైగా అవి ఒకదానికొకటి సంబంధం లేనివి. ముందు కణానికి అతుక్కోవాలి. లోపలికి వెళ్లాక తన జన్యువులను నకలు తీసుకోవాలి. కణం సొంత రక్షణ ప్రొటీన్ల కళ్లుగప్పాలి. గాలిలో తుంపర్లలో చెడిపోకుండా ఉండాలి. వీటిలో ఒకటి కుదిరినంత మాత్రాన మిగతావి కుదరవు. అందుకే పాతికేళ్లకు పైగా మనుషులకు అడపాదడపా సోకుతున్నా, హెచ్5ఎన్1 ఇంతవరకు మనుషుల మధ్య నిలకడగా పాకలేదు.

ఉష్ణోగ్రత కూడా ఒక ఇబ్బందే. పక్షి పేగుల్లో దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మనిషి ముక్కులో సుమారు 33. వేడిలో చురుగ్గా పనిచేసే వైరస్ యంత్రాంగం ఆ చల్లదనంలో మందగిస్తుంది.

రిసెప్టర్ల గురించి తరచూ వింటాం. ఆ తేడా ఏమిటి?

కణం మీద వైరస్ అతుక్కునే చోటును రిసెప్టర్ అంటారు. హెచ్ ప్రొటీన్ కణం మీదున్న సియాలిక్ ఆమ్లం అనే చక్కెర లాంటి పదార్థాన్ని పట్టుకుంటుంది. ఆ చక్కెర కింది గొలుసుకు ఏ కోణంలో అతికి ఉందన్నదే ముఖ్యం. పక్షుల్లో ఎక్కువగా ఉండే అతుకును ఆల్ఫా 2,3 అంటారు. మనిషి ముక్కు, గొంతు, శ్వాసనాళం పైభాగంలో ఎక్కువగా ఉండేది ఆల్ఫా 2,6. పక్షి వైరస్‌లు మొదటిదాన్ని గట్టిగా పట్టుకుంటాయి, రెండోదాన్ని సరిగా పట్టుకోలేవు.

అలాగని మనిషిలో ఆల్ఫా 2,3 లేనే లేదనుకోకూడదు. ఊపిరితిత్తుల లోతుల్లో ఉంది, కంటి పొరల మీద ఉంది. మనుషుల్లో ఈ జబ్బు కనిపించే రెండు రూపాలకు ఇదే చాలావరకు కారణం. లోతుకు చేరితే తీవ్రమైన న్యుమోనియా. కంట్లో పడితే కళ్లు ఎర్రబడి నీరు కారడం. 2003లో నెదర్లాండ్స్ కోళ్ల ఫారాల్లో హెచ్7ఎన్7 వచ్చినప్పుడు 89 మందికి సోకితే ఎక్కువమందికి కండ్లకలకే. ఒక పశువైద్యుడు మాత్రం న్యుమోనియాతో చనిపోయాడు. ఊపిరితిత్తుల అడుగున పెరిగే వైరస్ రోగిని చంపగలదు కానీ, దగ్గుతో తుమ్ముతో పక్కవాడికి తేలిగ్గా చేరదు. ముక్కులో, గొంతులో పెరిగేదే వేగంగా పాకుతుంది.

ఈ ఇష్టం మారడానికి పెద్ద మార్పులేం అక్కర్లేదు. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన గొలుసు. 1957 మహమ్మారి నాటి హెచ్2ఎన్2లోనూ, 1968 మహమ్మారి నాటి హెచ్3ఎన్2లోనూ హెచ్ ప్రొటీన్‌లో 226, 228 స్థానాల్లోని రెండు అమైనో ఆమ్లాలు మారాయి, అంతే. 2024 డిసెంబరులో వచ్చిన ఒక పరిశోధన ఇంకో అడుగు ముందుకెళ్లింది. అమెరికాలో ఆవులతో ముడిపడిన హెచ్5ఎన్1 హెచ్ ప్రొటీన్‌లో 226వ స్థానంలో ఒక్క మార్పు చేస్తే చాలు, అది మనిషి తరహా రిసెప్టర్‌ను పట్టుకుంటుందని చూపింది. అది విడి ప్రొటీన్‌తో చేసిన ప్రయోగం. బతికున్న వైరస్‌తో కాదు. అయినా ఆ ఫలితం చూసి నిపుణులు టెన్షన్ పడ్డారంటే తప్పు పట్టలేం.

పీబీ2, 627 అని నిపుణులు పదేపదే అంటారు. ఏమిటా అంకె?

ఈ మొత్తం విషయంలో నాకు బాగా నచ్చిన భాగం ఇది. కాస్త ఓపిగ్గా చదవండి.

వైరస్ జన్యువులు ఎనిమిది ఆర్‌ఎన్‌ఏ ముక్కలుగా ఉంటాయి. వాటిని నకలు తీసేది పాలిమరేజ్ అనే యంత్రం. దానిలో ఒక భాగం పీబీ2. పక్షి వైరస్‌లలో పీబీ2 627వ స్థానంలో సాధారణంగా గ్లుటామిక్ ఆమ్లం ఉంటుంది. అక్కడ లైసిన్ వస్తే వైరస్ క్షీరదాల కణాల్లో ఎన్నో రెట్లు బాగా పెరుగుతుంది. 1918 మహమ్మారి ఫ్లూ వైరస్‌లో అక్కడ లైసినే ఉంది. 2003లో చనిపోయిన ఆ డచ్ పశువైద్యుడి వైరస్‌లోనూ అదే కనిపించింది.

ఒకే ఒక్క అమైనో ఆమ్లం ఇంత తేడా ఎందుకు తెస్తుందో చాలా ఏళ్లపాటు ఎవరికీ అంతుపట్టలేదు. 2016లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో వెండీ బార్‌క్లే బృందం కారణం పట్టుకుంది. పాలిమరేజ్ ఒంటరిగా పనిచేయలేదు. కణంలోని ఏఎన్‌పీ32ఏ అనే ప్రొటీన్ దానికి చేదోడుగా ఉండాలి. కోడి లాంటి పక్షుల్లో ఈ ప్రొటీన్‌కు 33 అమైనో ఆమ్లాల అదనపు ముక్క ఉంటుంది. క్షీరదాల్లో ఆ ముక్క లేదు. పక్షి పాలిమరేజ్ ఆ ముక్కకే అలవాటు పడి ఉంది కాబట్టి, మన కణంలోకి వచ్చేసరికి పట్టు దొరక్క తడబడుతుంది. 627లో లైసిన్ వస్తే పొట్టి ప్రొటీన్‌తోనే పని నడిపించేస్తుంది.

ఇక్కడో మెలిక ఉంది. అదే పని చేసిపెట్టే దారులు ఇంకా ఉన్నాయి. 701వ స్థానంలో మార్పు ఒకటి, 591లో ఇంకొకటి, 271లో మరొకటి. ఆవుల్లో పాకిన వైరస్ 631వ స్థానాన్ని మార్చుకుంది. 2009లో ప్రపంచమంతా తిరిగిన హెచ్1ఎన్1లో 627 దగ్గర పక్షి తరహా అమైనో ఆమ్లమే ఉంది. అయినా 590, 591 స్థానాల్లోని మార్పులతో దాని పని సాగిపోయింది. కాబట్టి "627 మారలేదు, భయం లేదు" అని ఎవరైనా అంటే ఆ ధీమా సరైనది కాదు.

వైరస్ కావాలని మారుతుందా?

దానికి ఆలోచనా లేదు, పథకమూ లేదు. నకలు తీసేటప్పుడు తప్పులు దొర్లుతాయి, వాటిని దిద్దే ఏర్పాటు ఈ వైరస్‌కు లేదు. ఒక్క రోగి శరీరంలోనే లెక్కలేనన్ని రకాల నకళ్లు తయారవుతాయి. ఎక్కువ భాగం పనికిరానివి. ఏదో ఒకటి ఆ శరీరంలో కాస్త మెరుగ్గా పెరిగితే క్రమంగా అదే పైచేయి అవుతుంది. 627 దగ్గర లైసిన్ తరచూ కనిపించేది ఇందుకే. క్షీరదంలో కొన్ని రోజులు పెరిగితే చాలు, ఆ మార్పు తేలిపైకి వస్తుంది. హెచ్ ప్రొటీన్‌లో రిసెప్టర్ మార్పులు అంత తేలిగ్గా రావు.

రెండో దారి జన్యు ముక్కల మార్పిడి. ఒకే కణంలో రెండు రకాల ఫ్లూ వైరస్‌లు దూరితే, బయటికొచ్చే పిల్ల వైరస్‌లో దీని నాలుగు ముక్కలు, దాని నాలుగు ముక్కలు ఉండొచ్చు. 1957లో మనుషుల ఫ్లూ వైరస్ పక్షుల నుంచి హెచ్, ఎన్, పీబీ1 ముక్కలు తెచ్చుకుంది. 1968లో హెచ్, పీబీ1. అప్పటికే మనిషి శరీరానికి పూర్తిగా అలవాటుపడిన మిగతా ముక్కలు దాని దగ్గరే ఉన్నాయి. పైన వేసుకున్న హెచ్ మాత్రం జనం శరీరాలు ఎన్నడూ చూడనిది. మహమ్మారికి అంతకంటే ఏం కావాలి?

పందుల ప్రస్తావన ఎందుకు వస్తుంది?

పందుల శ్వాసనాళంలో రెండు రకాల రిసెప్టర్లూ ఉంటాయి. పక్షి వైరస్‌లూ మనిషి వైరస్‌లూ రెండూ సోకుతాయి, ముక్కల మార్పిడికి చోటు దొరుకుతుంది. 2009 వైరస్ పందుల నుంచే వచ్చింది.

పందుల్లో అసలైన పాఠం మాత్రం 1979లో యూరప్‌లో జరిగింది. ఒక పక్షి హెచ్1ఎన్1, ఎనిమిది ముక్కలూ పక్షివే, మార్పిడి ఏదీ లేకుండా నేరుగా పందుల్లోకి దిగి స్థిరపడింది. దాని వారసులు ఆ తర్వాత దశాబ్దాలపాటు పందుల్లో తిరుగుతూనే ఉన్నాయి. అంటే ముక్కల మార్పిడి జరగకపోతే పక్షి వైరస్ క్షీరదాల్లో నిలవదన్న మాట నిజం కాదు.

ఆవుల సంగతేమిటి? అది ఎవరూ ఊహించలేదంటారు కదా?

నిజమే, ఊహించలేదు. ఆవులకు ఇన్‌ఫ్లుయెంజా-ఎ పెద్దగా పట్టదన్నదే అందరి నమ్మకం. 2024 మార్చిలో అమెరికాలోని టెక్సాస్, కాన్సస్ డెయిరీల్లో పాలు తగ్గి, జున్నుపాలలా చిక్కగా రావడం చూసి పరీక్షిస్తే హెచ్5ఎన్1 తేలింది. జన్యువుల పోలికను బట్టి అది 2023 చివర్లో పక్షుల నుంచి ఒక్కసారి దిగి, తర్వాత ఆవు నుంచి ఆవుకు పాకుతూ పోయింది.

దారి కూడా వింతే. ఊపిరితిత్తుల్లో కంటే పొదుగులో ఎక్కువగా పెరిగింది. పొదుగు కణజాలంలో పక్షి తరహా రిసెప్టర్లు దండిగా ఉన్నాయి. అందువల్ల హెచ్ ప్రొటీన్ మారాల్సిన అవసరమే రాలేదు. పాలలో విపరీతంగా వైరస్. పాలు పితికే యంత్రం కప్పులు ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకు మోసుకెళ్లాయి. జబ్బు లక్షణాలు కనబడకముందే ఆవులను రాష్ట్రాల మధ్య తరలించడంతో మరింత పాకింది. గాలిలో పాకే శక్తి లేని వైరస్‌కు మనుషులు కట్టుకున్న ఏర్పాట్లే రవాణా అయ్యాయి. నా దృష్టిలో ఈ ఉదంతంలో గుర్తుంచుకోవాల్సింది ఇదే. అలవాటు పడటమంతా వైరస్ జన్యువుల్లోనే జరగదు. ఆతిథ్యమిచ్చే జంతువును ఎలా పెంచుతున్నాం అన్నది కూడా అందులో సగం.

2025 మొదట్లో నెవాడాలో డీ1.1 అనే మరో రకం విడిగా ఆవుల్లోకి దిగింది. అందులో పీబీ2 701 మార్పు కనిపించింది. ఒకసారి జరిగినది అనుకోని ప్రమాదం అనుకోవచ్చు. రెండోసారి జరిగాక అలా సరిపెట్టుకోవడం కష్టం.

మింక్‌లు, సీల్స్‌లో ఏం జరిగింది?

2022 అక్టోబరులో స్పెయిన్‌లోని గలీసియాలో, బొచ్చు కోసం మింక్ అనే చిన్న జంతువులను పెంచే ఒక ఫారంలో హెచ్5ఎన్1 వచ్చింది. ఒక షెడ్డు నుంచి పక్క షెడ్డుకు పాకిన తీరు చూస్తే మింక్ నుంచి మింక్‌కే సోకిందని తేలిగ్గా అర్థమవుతుంది. వైరస్‌లో పీబీ2 271 మార్పు ఉంది. 50 వేలకు పైగా జంతువులను చంపాల్సి వచ్చింది. కిక్కిరిసిన బోనుల్లో వేల జంతువులుంటే వైరస్‌కు గొలుసు తెగదు. ఒక్కో మార్పును పరీక్షించుకునే అవకాశం మళ్లీ మళ్లీ దొరుకుతుంది.

దక్షిణ అమెరికాలో ఇంకా ఘోరం. 2023లో పెరూ, చిలీ తీరాల్లో వేలాది సీ లయన్లు చనిపోయాయి. ఆ ఏడాది అక్టోబరులో అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పంలో ఎలిఫెంట్ సీల్ పిల్లలు 17,000కు పైగా చనిపోయాయని అంచనా. ఆ సీజన్‌లో పుట్టిన పిల్లల్లో దాదాపు అన్నీ పోయాయన్నమాట. ఆ జంతువుల వైరస్‌లలో పీబీ2 591, 701 మార్పులు రెండూ ఉన్నాయి, దేశాలు దాటినా నిలిచే ఉన్నాయి. అదే వైరస్ టెర్న్ పక్షుల్లోకి తిరిగి వెళ్లినా ఆ మార్పులు పోలేదు. క్షీరదాలకు అనువుగా మారిన వైరస్ పక్షుల్లో నిలవదని అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడని సంగతి.

సీల్స్‌కు ఇది కొత్తేం కాదు. 1979–80లో అమెరికా ఈశాన్య తీరంలో హెచ్7ఎన్7తో వందల సీల్స్ చనిపోయాయి.

"తీవ్ర వ్యాధికారక" అంటే మనుషులకు తీవ్రమనా?

కొన్ని బర్డ్ ఫ్లూ రకాలకు తగిలించే ఆ ముద్ర కోళ్లను బట్టి వేసేది. హెచ్5, హెచ్7 రకాల్లో కొన్నిటికి హెచ్ ప్రొటీన్ తెగే చోట (వైరస్ సోకాలంటే అది రెండుగా తెగాలి) అదనపు అమైనో ఆమ్లాలు చేరి, శరీరంలో ఏ అవయవంలోనైనా పెరగగలిగేలా మారతాయి. కోళ్లు మందలు మందలుగా పోతాయి. మనుషుల లెక్క వేరు. 2013లో చైనాలో మొదలైన హెచ్7ఎన్9 మొదట్లో కోళ్లలో దాదాపు ఏ లక్షణమూ చూపించలేదు. మనుషుల్లో మాత్రం 1,500 మందికి పైగా సోకి, వారిలో మూడో వంతు కంటే ఎక్కువమందిని బలి తీసుకుంది. కోళ్లు ఆరోగ్యంగా కనిపించడమే అప్పుడు అసలు చిక్కు.

ఫెరెట్ల ప్రయోగం మీద అంత గొడవ ఎందుకైంది?

ఫెరెట్ అంటే ముంగిసలా కనిపించే చిన్న పెంపుడు జంతువు. ఫ్లూ విషయంలో దాని ముక్కూ గొంతూ మనిషివాటికి దగ్గరగా ఉంటాయి. 2011లో నెదర్లాండ్స్‌లో రాన్ ఫౌషియే, అమెరికాలో యోషిహిరో కవావొకా బృందాలు విడివిడిగా హెచ్5 వైరస్‌ను ఫెరెట్ల మధ్య గాలిలో పాకేలా మార్చాయి. అందుకు కావాల్సినవి గుప్పెడు మార్పులే అని తేలింది. రిసెప్టర్ ఇష్టాన్ని మార్చేవి, హెచ్ ప్రొటీన్‌ను గట్టిపరిచేవి, ఫౌషియే వైరస్‌లో అయితే పీబీ2 627 కూడా.

హెచ్ గట్టిపడటం గురించి ఒక మాట. ఈ ప్రొటీన్ కణంలోపలి ఆమ్లం తగిలినప్పుడు విచ్చుకోవాలి. పక్షి వైరస్‌లలో అది కొద్దిపాటి ఆమ్లానికే విచ్చుకుంటుంది. ముందే విచ్చుకున్న వైరస్ ఇక సోకలేదు. మనుషుల మధ్య పాకే ఫ్లూలలో హెచ్ ఇంకాస్త ఓర్చుకుంటుంది.

ఈ వివరాలు ప్రచురిస్తే దురుపయోగం అవుతుందేమోనని పెద్ద చర్చ జరిగింది. పరిశోధకులు తామే దాదాపు ఏడాది పాటు పని ఆపారు. చివరికి 2012లో రెండు పత్రాలూ వెలువడ్డాయి. ప్రయోగం అవసరమా కాదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. అయితే అడవి పక్షుల వైరస్‌లలో ఏ మార్పుల కోసం వెతకాలో తెలిసింది చాలావరకు ఆ పనివల్లే.

మనుషుల్లో మరణాల శాతం నిజంగా 50కి దగ్గరా?

2003 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర నమోదైన హెచ్5ఎన్1 కేసులు 900 పైచిలుకు, దాదాపు సగం మరణాలు. ఆసుపత్రికి వచ్చినవాళ్లే ఎక్కువగా లెక్కలోకి వచ్చారు కాబట్టి అసలు శాతం అంతకంటే తక్కువే అయ్యుండాలి. అమెరికాలో 2024–25లో సుమారు 70 మందికి సోకితే చాలామందికి కళ్లు ఎర్రబడటం, స్వల్ప జ్వరమే. మరోవైపు 2024 నవంబరులో కెనడాలో డీ1.1 సోకిన ఒక టీనేజరుకు ప్రాణాల మీదకు వచ్చింది. ఆ నమూనాల్లో 627 మార్పు ఉంది, హెచ్ 226 దగ్గర కూడా మార్పు మొదలైన ఛాయలు కనిపించాయి. ఆ వైరస్ ఇంకెవరికీ అంటలేదు.

మన శరీరాల్లో దీనికి ఎదురు నిలిచేది ఏమైనా ఉందా?

కొంత ఉంది. మన కణాల్లో ఎంఎక్స్‌ఏ అనే ప్రొటీన్ పక్షి ఫ్లూను బాగానే అణచివేస్తుంది. బీటీఎన్3ఏ3 అనే మరో ప్రొటీన్ కూడా అదే పని చేస్తుందని 2023లో గ్లాస్గో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చూపారు. మనుషుల్లో స్థిరపడిన ఫ్లూలు ఈ రెండింటినీ తప్పించుకునేలా తమ జన్యు ముక్కలను చుట్టి ఉండే ఎన్‌పీ ప్రొటీన్‌ను మార్చుకున్నాయి.

ఇక పాత ఇన్ఫెక్షన్ల జ్ఞాపకం. చిన్నప్పుడు మొదట సోకిన ఫ్లూ ఏ రకమో, దాని ముద్ర జీవితాంతం ఉంటుంది. 1968కి ముందు పుట్టినవాళ్లు హెచ్1, హెచ్2 చూసి పెరిగారు. ఇవి హెచ్5కు చుట్టాలు. అందుకే వాళ్లలో హెచ్5ఎన్1 తీవ్రత తక్కువగానూ, హెచ్7ఎన్9 తీవ్రత ఎక్కువగానూ కనిపించింది. తర్వాత పుట్టినవాళ్లలో దీనికి తలకిందులు.

మందులు పనిచేస్తాయా?

ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు చాలావరకు పనిచేస్తుంది, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఎన్ ప్రొటీన్‌లో 275వ స్థానం మారితే దాని ప్రభావం తగ్గుతుంది కాబట్టి ఆ చోటును కూడా కనిపెట్టుకుని ఉంటారు. టీకా తయారీకి పనికొచ్చే హెచ్5 వైరస్ నమూనాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుగానే సిద్ధం చేయించి ఉంచుతుంది.

కొత్త మ్యుటేషన్ దొరికిందన్న వార్త వస్తే ఏం చూడాలి?

మ్యుటేషన్ అంటే జన్యువులో మార్పే. ముందు, అది ఏ ప్రొటీన్‌లో? పీబీ2 మార్పు అయితే ఆ జంతువు లోపల బాగా పెరుగుతోందని అర్థం. క్షీరదాల్లో అది మామూలే. హెచ్ ప్రొటీన్‌లో రిసెప్టర్ పట్టుకునే చోటైతే ఇంకాస్త శ్రద్ధగా చదవండి. తర్వాత, ఒక్క జంతువులోనా, ఒకదానికొకటి సంబంధం ఉన్న చాలావాటిలోనా? మూడోది, పక్షులతోనూ ఆవులతోనూ సంబంధమే లేని మనిషికి సోకిందా? ఈ మూడో ప్రశ్నకు అవునని జవాబు వచ్చిన రోజు వార్త చివరిదాకా చదవాల్సిందే.

పాలు, గుడ్లు, కోడిమాంసం తినొచ్చా? ఇంట్లో పిల్లి ఉంటే?

బాగా ఉడికిస్తే వైరస్ బతకదు. పాశ్చరైజ్ చేసిన పాలలోనూ బతకదు. పచ్చిపాలు మాత్రం వద్దు. పిల్లి జాతికి ఈ వైరస్ మరీ ప్రమాదం. 2004లో థాయిలాండ్‌లోని ఒక జూలో పచ్చి కోడిమాంసం తిన్న పులులకు సోకి, చనిపోయినవీ చంపాల్సి వచ్చినవీ కలిపి 147 పోయాయి. టెక్సాస్ డెయిరీల్లో పచ్చిపాలు తాగిన పిల్లులు కూడా చనిపోయాయి. పిల్లికి పచ్చి మాంసం, పచ్చిపాలు పెట్టకండి. చచ్చిన పక్షులను నోట కరుచుకుని తేకుండా చూసుకోండి. అలాంటి పక్షి కనిపిస్తే వట్టి చేతులతో ముట్టుకోకుండా పశువైద్య అధికారులకు చెప్పండి.